బొమ్మిడాయి పులుసు, లిస్బన్ మిరపకాయ

ఏలూరు పవర్‌పేట స్టేషన్‌లో దిగి, కొల్లేటి లంకలు చుట్టి, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ దాకా పోయినా స్పెయిన్ భోజనం, పోర్చుగల్ భోజనం అని బోర్డు పెట్టిన హోటలు నా కంట పడలేదు. బోర్డు లేదు గానీ భోజనం మాత్రం ఉంది. ఏలూరు టూటౌన్‌లో ఒక సందు మొగలో నాలుగు బల్లలు, రెండు ఫ్యాన్లు, గోడకి వెంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉన్న మెస్సులో మధ్యాహ్నం ఆకు ముందు కూర్చోండి. అందులో పడేవాటిలో చాలా భాగం ఆ రెండు దేశాల ఓడలెక్కి వచ్చిన సరుకే. ఆ మాట వడ్డించే అమ్మగారితో అంటే, "ఊరుకోండి బాబూ, పొద్దున్నే మార్కెట్టుకెళ్ళి నేనే తెచ్చుకున్నానండి" అన్నారు. ఆవిడ చెప్పిందీ నిజమే.

ఈ మెస్సుకి పేరుంది గానీ దాన్ని పట్టించుకునేవాళ్ళు లేరు. వాడుకగా వచ్చేవాళ్ళకి అది 'అమ్మగారి మెస్సు'. కోర్టు గుమాస్తాలు, కలెక్టరేట్‌లో పనిపడ్డవాళ్ళు, మందుల కంపెనీ కుర్రాళ్ళు, కైకలూరు వైపు నుంచి బ్యాంకు పనిమీద వచ్చిన చెరువుల రైతులు ఇక్కడ తింటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరుకి వచ్చింది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. కాగితం మీద గీత మారినా పులుసు గీత మారలేదు. గుడివాకలంక, కొల్లేటికోట, ఆకివీడు, నిడమర్రు, గణపవరం అన్నీ ఒకే వంటింటి కిందికి వస్తాయి.

పద్ధతి అందరికీ తెలిసిందే. ఒకే ధర, కడుపునిండా అన్నం, పప్పు, కూర, వేపుడు, పచ్చడి, చారు, పెరుగు. చేప, రొయ్య వేరే లెక్క. ఈ ఒకే ధర భోజనం మన ఆస్తే అనుకుంటాం గానీ స్పెయిన్‌లోనూ ఉంది. ఫ్రాంకో రోజుల్లో, 1960లలో, పర్యాటక శాఖ మంత్రి మాన్యుయెల్ ఫ్రాగా హోటళ్ళన్నీ ఒక ఖరారు ధరకి పూర్తి భోజనం పెట్టి తీరాలని నిబంధన తెచ్చాడు. విదేశీ యాత్రికుల కోసం పెట్టిన ఆ ఏర్పాటు చివరికి కూలివాళ్ళకి, గుమాస్తాలకి అక్కరకొచ్చింది. ఇవాళ్టికీ అక్కడ పేట హోటళ్ళలో మధ్యాహ్నం 'మెనూ దెల్ దియా' అంటే ముందు ఒక వంటకం, తరవాత ఇంకొకటి, చివర తీపి, పక్కన రొట్టె. పోర్చుగల్‌లో ఇలాంటి చిన్న హోటల్ని తాష్కా అంటారు. కాగితం పరిచిన బల్ల, ఆ రోజు వంటకం పేరు చాక్‌పీసుతో రాసిన పలక, అర ప్లేటు కావాలంటే అర ప్లేటు. మన దగ్గర రెండున్నరకి గిన్నెలు బోర్లించేస్తారు. స్పెయిన్‌లో రెండింటికి గానీ భోజనాలు మొదలు కావు. తేడా అంటే అదొక్కటే చెప్పుకోవాలి.

ఇక ఆకు చూద్దాం. దోసకాయ పప్పయితే మనదే, టమాటా పప్పయితే మెక్సికో వైపుది. వంకాయ మనదే, అందులో కూరిన కారం మనది కాదు. బంగాళాదుంప పెరూ కొండలది. వేరుశనగ పచ్చడి దక్షిణ అమెరికాది. వేపుడు వేగిన పొద్దుతిరుగుడు నూనె కూడా అమెరికా ఖండం గింజదే. పాయసంలో జీడిపప్పు బ్రెజిల్ నుంచి వచ్చింది. బయటికొచ్చాక బండి మీద కనబడే జామ, సపోటా, సీతాఫలం, బొప్పాయి, అనాస ఏది పట్టుకున్నా అటువైపుదే. పోనీ పులుపైనా మనదేనా అంటే, చింతచెట్టు ఎన్నడో ఆఫ్రికా నుంచి వచ్చి మనలో కలిసిపోయింది. గోంగూర పుట్టుక సంగతి ఎత్తితే జనానికి కోపం వస్తుంది కాబట్టి ఎత్తను.

ఇవన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో తెలుసుకోవడానికి మనకొక పాత పూటకూళ్ళ ఇల్లుంది. వినుకొండ వల్లభరాయుడి 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు తిరిగే ఇద్దరు మిత్రులకు లక్ష్మణవజ్ఝల వారింట రూకకి దొరికే భోజనం ఏమిటో ఉంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. నోరూరించే భోజనమే. కానీ ఆ నంజుళ్ళలో మిరపకాయ ఉండే వీల్లేదు. కాకతీయుల ఓరుగల్లులో కారం కావాలంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, అంతే. ఆంధ్రా భోజనం అనగానే ముక్కూ కళ్ళూ కారడమే అనుకునేవాళ్ళు, ప్రతాపరుద్రుడు ఒక్క ఎండుమిరపకాయ కూడా కొరక్కుండానే పోయాడని గుర్తుపెట్టుకోవాలి.

ఆ మిరపకాయ ఇటు ఎలా వచ్చిందంటే, 1492లో కొలంబస్ అమెరికా వైపు వెళ్ళాడు. 1498లో వాస్కోడగామా కోళికోడు తీరానికి ఇటు వచ్చాడు. 1500లో ఇండియాకే బయల్దేరిన పోర్చుగీసు నావికుడు కాబ్రల్ దారిలో బ్రెజిల్ తీరాన్ని తగిలి, మళ్ళీ ఇటే వచ్చాడు. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి చిక్కింది. ప్రపంచాన్ని చెరిసగం పంచుకోవాలని స్పెయిన్, పోర్చుగల్ 1494లోనే ఒప్పందం రాసుకున్నాయి. భూమి పంచుకున్నారు గానీ విత్తనాలు పంపకాలకి లొంగలేదు. స్పెయిన్ వాటాలో పండిన మిరప పోర్చుగల్ ఓడల్లో గోవాకి చేరి, అక్కడి నుంచి రేవు రేవూ పట్టుకుని, ఎడ్లబళ్ళెక్కి, మిరియం కొనలేని పేదవాడి పెరట్లో మొలిచింది. మిరప గెలుపు రహస్యం అక్కడే ఉందని నా నమ్మకం. మిరియం తీగ కేరళ కొండల్నీ, చల్లటి నీడనీ అడుగుతుంది, మిరప మొక్కకి గుంటూరు ఎండైనా చాలు.

ఇప్పుడు చేపల పులుసు. మెస్సు పొయ్యి మీద పెద్ద దాక. ఉల్లిపాయ ముద్ద, పచ్చిమిర్చి చీలికలు, కారం, పసుపు, చింతపండు పులుసు, చివర్లో మెంతి, జీలకర్ర పొడి. ముక్కలు వేశాక గరిటె ముట్టుకోరు. గుడ్డతో దాక అంచులు పట్టుకుని, ఇటొకసారి అటొకసారి తిప్పి దించేస్తారు. గరిటె పెడితే ముక్క చెదురుతుంది. పోర్చుగల్ తీరంలో సెతూబల్, నజరే లాంటి రేవుల్లో జాలర్లు 'కల్దైరాద' అని ఒక చేపల కూర వండుతారు. ఉల్లిపాయ చక్రాలు, టమాటా, బంగాళాదుంప, రకరకాల చేపముక్కలు వరసలు వరసలుగా పేర్చి మూతపెడతారు. ఉడికేటప్పుడు వాళ్ళూ గరిటె పెట్టరు. గిన్నెని పట్టుకుని ఊపుతారు, కారణమూ ఇదే. ఈ కిటుకు వాళ్ళకి మనం చెప్పలేదు, మనకి వాళ్ళు చెప్పలేదు. చేపే ఇద్దరికీ చెప్పింది.

రాత్రి వండిన పులుసు మర్నాడు పొద్దున తింటేనే రుచి అనే మాట మన ఇళ్ళలో ఎంత పాతదో, వేయించిన చేపను వెనిగర్, వెల్లుల్లి, బిర్యానీ ఆకుతో నానబెట్టి మర్నాడు తినే అలవాటు ఆ రెండు దేశాల్లోనూ అంత పాతది. అక్కడ వెనిగర్ చేసే పని ఇక్కడ చింతపండు చేస్తుంది. ఇంకా దగ్గర చుట్టరికం ఉప్పుచేపది. పోర్చుగల్ వాళ్ళు ప్రాణం పెట్టే 'బకల్యావ్' వాళ్ళ సముద్రంలో దొరికేది కాదు. ఉత్తరాన నార్వే, న్యూఫౌండ్లాండ్ చలి నీళ్ళలో పట్టి, ఉప్పేసి ఎండబెట్టిన కాడ్ చేప. మాంసం తినకూడని ఉపవాసపు రోజుల్లో బీదాబిక్కీకి అదే ఆధారం. రోజంతా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి వండుతారు. మన దగ్గర పప్పుచారు పక్కన ఉప్పుచేప ముక్క వేగితే వీధి వీధంతా తెలిసిపోతుంది. లిస్బన్‌లో అది పండగ వంటగా పైకెక్కింది. మన ఉప్పుచేప ఇంకా గుట్టుగా తినే వంటగానే ఉంది. ఇందులో చేప తప్పు లేదు, ఇరుగుపొరుగు ముక్కులది.

అసలు చెప్పాల్సిన పోలిక వేరే ఉంది. స్పెయిన్ తూర్పు తీరంలో వాలెన్సియా నగరానికి కాస్త దక్షిణంగా అల్బుఫేరా అని మంచినీటి సరస్సు. చుట్టూ వరిచేలు, లోపల జాలరి పల్లె ఎల్ పాల్మార్, శీతాకాలం బాతులు, లోతు తక్కువ నీళ్ళు, బల్లపరుపు పడవలు. ఫొటో చూపిస్తే కొల్లేరనుకుంటారు. కొల్లేరుతో పోలిస్తే చాలా చిన్నది, ఇరవై మూడు, ఇరవై నాలుగు చదరపు కిలోమీటర్లకి మించదు. ఒకప్పుడు ఇంకా పెద్దది. వరి కోసం పూడ్చుకుంటూ వచ్చారు. పొలం కావాలనే రైతుకీ, నీళ్ళు కావాలనే జాలరికీ మధ్య జరిగిన ఆ పోరు మీద బ్లాస్కో ఇబాన్యెజ్ అనే రచయిత 1902లో ఒక నవలే రాశాడు. ఈ సరస్సు చుట్టూ పండిన బియ్యంతోనే పాయెయా పుట్టింది. ఇప్పుడు ప్రపంచమంతా రొయ్యలు పేర్చి ఫొటోలు దిగే ఆ వంటకంలో మొదట్లో రొయ్య లేదు. కోడి, కుందేలు, నత్తలు, చిక్కుడుగింజలు, కరువు రోజుల్లో చిత్తడి ఎలుక. ఆ బియ్యం మాత్రం మన దిక్కుదే. అరబ్బులు ఆసియా వరిని అక్కడికి తీసుకెళ్ళారు. మిరప ఇటు రావడానికి చాలా ముందే వరి అటు వెళ్ళిందన్నమాట. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకం పుట్టిన ఈ నేల వాళ్ళకి, ఎవరి బాకీ ఎవరికి తీరిందో లెక్క వేసుకోవడం సరదాగానే ఉంటుంది.

ఎల్ పాల్మార్ హోటళ్ళలో పాయెయా కంటే ముందు అడగాల్సింది 'ఆల్ ఇ పెబ్రె'. పాములా పొడుగ్గా ఉండే మలుగు చేపను ముక్కలు కోసి వెల్లుల్లి, బంగాళాదుంప, ఎర్ర మిరపపొడితో ఉడికించే పులుసు.  ఎర్ర పులుసు, జిగురు ముక్క, నోట్లో కరిగే కొవ్వు. ఇది వింటే కొల్లేటివాళ్ళకి చప్పున గుర్తొచ్చేది బొమ్మిడాయి. వీపున ముళ్ళున్న, వేలెడు లావు చేప. బూడిద రాసి పామి, జిగురు పోయేదాకా కడగడానికే సగం పూట పడుతుంది. పులుసులో మామిడికాయ ముక్క పడితే ఇంక చెప్పక్కర్లేదు.

కానీ బొమ్మిడాయి మెస్సులో రోజూ ఉండదు. వాన పడి బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేట్లో కొత్తనీరు చేరినప్పుడు, వలల్లో, మావులనే ఉచ్చుల్లో పడితే పడినట్టు. కొర్రమీను, వాలుగ, జెల్ల, మట్టగిడస, ఇంగిలాయి కూడా అంతే. మెస్సులో రోజూ కనబడేవి చెరువు చేపలు. శీలావతి, బొచ్చె, వాటి పక్కన రూప్‌చంద్. ఈ రూప్‌చంద్ ఎవరనుకున్నారు? అమెజాన్, ఒరినోకో నదుల చేప. ఈ శతాబ్దం మొదట్లో బంగ్లాదేశ్ మీదుగా మన చెరువుల్లోకి వచ్చింది. చూడ్డానికి చందువలా ఉంటుంది కాబట్టి పట్నాల్లో చందువ పేరుతోనే చెల్లిపోతోంది. బ్రెజిల్‌లో దీని దగ్గరి బంధువు తంబాకీ పక్కటెముకల్ని నిప్పుల మీద కాల్చి మహా ఇష్టంగా తింటారు. మన మెస్సులో దాన్ని కారం పట్టించి పెనం మీద వేపుతారు. చేపా అక్కడిదే, కారమూ అక్కడిదే. ఉప్పొక్కటే లోకల్.

వనామి రొయ్యదీ అదే కథ. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. తొంభైలలో తెల్లమచ్చల తెగులు టైగర్ రొయ్యని ఊడ్చిపెట్టాక, 2009లో వనామి సాగుకి మన దేశంలో అనుమతి వచ్చింది. ఆ తరవాత భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో రాత్రింబగళ్ళు ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. పెద్ద రొయ్య ఐసు పెట్టెల్లో ఓడెక్కుతుంది. స్పెయిన్ యూరప్‌లో రొయ్యలు బాగా కొనే దేశం. అక్కడి బార్లలో చిన్న మట్టిమూకుడులో ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి చిటపటలాడుతూ తెచ్చే రొయ్యల వేపుడు చాలా పేరున్నది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు మన ఎగుమతిదార్లు యూరప్ వైపు గట్టిగా చూశారు కాబట్టి, ఆ మూకుడులో కొల్లేటి పొరుగు రొయ్య ఉండడం వింతేమీ కాదు. చిన్న రొయ్య మన మెస్సుకి వస్తుంది. రొయ్యల ఇగురుకి అదే మేలు, మసాలా లోపలిదాకా పడుతుంది. పెద్ద రొయ్య కావాలని అడిగేవాళ్ళని చూసి అమ్మగారు నవ్వి ఊరుకుంటారు.

ఊళ్ళోకి వచ్చినవాళ్ళంతా ఇలా ఇంటివాళ్ళయిపోతే, ఇంటివాళ్ళే చుట్టపుచూపుగా కనబడుతున్నారు. కొల్లేటికి ఇది ఊరికే జరిగిపోలేదు. డెబ్బైల చివర్లో సహకార సంఘాల పేరుతో చేపల చెరువులు మొదలయ్యాయి. తరవాత సరస్సు లోపలిదాకా పెట్టుబడి గట్లు పాకాయి. 1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేర్చారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు కొట్టేశారు. కొన్ని మళ్ళీ లేచాయి. అటు కాలువల్ని, ఉప్పుటేరునీ గుర్రపుడెక్క కప్పేస్తోంది. అదీ దక్షిణ అమెరికా సరుకే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచాక ఆ నీరంతా దిగొచ్చింది కొల్లేట్లోకే. బయటికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. వలే జీవనంగా బతికే వడ్డి కులస్థులకి చెరువు కావాలా, సరస్సు కావాలా అని అడగడం తేలిక. రెంటిలో దేనితో ఈ పూట గడుస్తుందో వాళ్ళకి తెలుసు.

అల్బుఫేరాకీ ఈ తిప్పలు తప్పలేదు. 1970లలో మురుగు, ఫ్యాక్టరీ నీళ్ళు కలిసి నీరు పచ్చగా చిక్కబడింది. అప్పుడే అమెరికా ఎర్ర క్రేఫిష్ వచ్చి సరస్సంతా నిండిపోయింది. 1986లో ప్రకృతి పార్కుగా ప్రకటించారు. యూరప్ మలుగు ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదం బాగా దగ్గరపడ్డ జాతుల్లో ఒకటి. హోటళ్ళలో పెట్టేది ఎక్కువగా పెంపకపు మలుగే. అయినా ఎల్ పాల్మార్ జాలర్లు ఒక పని చేశారు. సరస్సులో వలవేసే చోట్లను ఏటా చీట్లు తీసి పంచుకునే పాత సంఘాన్ని వదల్లేదు. వాళ్ళ ఊరి హోటళ్ళు ఆ పులుసు పేరుతోనే జనాన్ని రప్పిస్తాయి. మనకి ఆటపాక ఉంది, పెలికాన్లను చూడ్డానికి ఆదివారం కార్లు బారులు తీరతాయి. వచ్చినవాళ్ళకి కొల్లేటి చేప వండి పెట్టే వరస మాత్రం ఆ దారిలో కనబడలేదు. చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు దొరుకుతాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వచ్చే జనాన్ని చూసైనా ఎవరికో ఒకరికి ఆలోచన రావాల్సింది.

తాడేపల్లిగూడెం వైపు కథ కుర్రకారుది. కర్నూలు, మహారాష్ట్ర ఉల్లిపాయలు దిగే ఈ ఊళ్ళో 2015 నుంచి ఎన్‌ఐటీ ఉంది. దేశం నలుమూలల పిల్లలు వచ్చారు. వాళ్ళు తిరిగే బేకరీల్లో, బళ్ళ దగ్గర బంగాళాదుంప వేపుడు మీద 'పెరిపెరి' పొడి చల్లి ఇస్తారు. ఆ పొడి పుట్టిల్లు పోర్చుగీసు వాళ్ళు మిరప నాటిన ఆఫ్రికా. అమెరికా నుంచి లిస్బన్, లిస్బన్ నుంచి మొజాంబిక్, అక్కడి నుంచి గూడెం. మిరపకాయ రెండోసారి వచ్చిందన్నమాట, ఈసారి పొట్లంలో. మా తరం వాళ్ళకి అది ఉప్పూ కారం కలిపిన పొడిలాగే ఉంటుంది. పిల్లల ముందు ఆ మాట అనకూడదు.

మెట్ట వైపు పెదవేగి, కామవరపుకోట తోటల్లో కొబ్బరి, పామాయిల్ చెట్ల నీడన కోకో కాస్తోంది. మెక్సికో నుంచి స్పెయిన్ వాళ్ళు తీసుకెళ్ళి చక్కెర కలిపి తాగిన గింజ. మాడ్రిడ్‌లో పొద్దున్నే నూనెలో వేగిన చుర్రోలు ముంచుకు తినే చిక్కటి చాక్లెట్ అదే. మన రైతు గింజ ఎండబెట్టి అమ్మేసి, ఇంటికొచ్చి టీ తాగుతాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. రూప్‌చంద్ వేపుడు, రొయ్యల ఇగురు ఏ రోజైనా ఉంటాయి. బొమ్మిడాయి కావాలంటే వానాకాలంలో రండి, ముందురోజు సాయంత్రమే అమ్మగారికి చెప్పుకోండి. దొరికితే దొరికినట్టు, ఆవిడ మాట ఇవ్వరు. పులుసు కోసం ఒంటిగంట లోపు చేరితే తలకాయ ముక్క వస్తుంది. రెండు దాటితే తోక ముక్కే.